అడ్వెంట్ నాలుగు ఆదివారాలు: ప్రవచనాల మీద ప్రసంగాలు సిద్ధం చేసుకోవడం ఎలా?

చాలా ఏళ్ల కిందట ఒక డిసెంబర్ ఆదివారం, సికింద్రాబాద్‌లోని మా సంఘంలో నేను యెషయా 7:14 మీద వాక్యం చెప్పాను. కన్యక, కుమారుడు, ఇమ్మానుయేలు... నేరుగా బేత్లెహేముకు వెళ్లిపోయాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే ఒక అమ్మాయి వచ్చి, "అంకుల్, ఆ సూచన ఆహాజు రాజుకి కదా ఇచ్చింది? ఏడు వందల ఏళ్ల తర్వాత పుట్టే బాబు ఆయనకి సూచన ఎలా అవుతాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. ముందున్న పదమూడు వచనాలనూ దాటేసి, పద్నాలుగో వచనం దగ్గర దిగి ప్రసంగం చేశానని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ప్రవక్తను ముందు తన జనంతో మాట్లాడనివ్వాలి. ఆ తర్వాతే క్రీస్తు దగ్గరకు రావాలి, ఆ తర్వాతే మన దగ్గరకు. ఈ వరుస తప్పితే ప్రవచనం జోస్యం అయిపోతుంది. కొత్తగా వాక్యం చెబుతున్న యవ్వనస్తులు, ఇంటి సంఘాలు నడిపేవారు, పాస్టరు గారు ఊళ్లో లేనప్పుడు పుల్పిట్ ఎక్కాల్సి వచ్చే సంఘ పెద్దలు, వీళ్లందరినీ మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: క్యాలెండర్ ముందు కూర్చోండి

అడ్వెంట్ అంటే రాక, ఆగమనం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం ఇది. నవంబర్ 30కి దగ్గరగా ఉన్న ఆదివారంతో మొదలవుతుంది, అంటే నవంబర్ 27కు డిసెంబర్ 3కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో నవంబర్ 29, డిసెంబర్ 6, 13, 20 ఆ నాలుగు ఆదివారాలు. అక్టోబర్ మధ్యలోనే ఇవి డైరీలో రాసుకోండి.

అంత ముందే ఎందుకంటే, మన హైదరాబాద్‌లో డిసెంబర్ మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, స్త్రీల సమాజం వాళ్లది ఒకటి, సండే స్కూల్ పిల్లలది ఒకటి. రాత్రిళ్లు క్యారల్స్ రౌండ్స్. ఈ హడావిడిలో శనివారం రాత్రి పదకొండుకు బైబిల్ తెరిస్తే, పోయిన ఏడాది చెప్పిందే మళ్లీ నోటికొస్తుంది. నవంబర్ 20 నాటికి నాలుగు ప్రసంగాల చిత్తుప్రతులు చేతిలో ఉంటే డిసెంబర్‌లో టెన్షన్ ఉండదు.

మీది పాఠాల పట్టిక పాటించే సంఘమైతే (సి.ఎస్.ఐ., లూథరన్, కథోలిక సంఘాల్లో అది ఉంటుంది) వాక్యభాగాలు ఇప్పటికే నిర్ణయమై ఉంటాయి. లేకపోతే మీరే ఎంచుకోవాలి.

రెండో మెట్టు: నాలుగు వాక్యభాగాలు

నేను ఎక్కువగా వాడే వరుస ఇది. మొదటి ఆదివారం 1 థెస్సలొనీకయులకు 4:13 నుంచి 5:11 వరకు. రెండో ఆదివారం యెషయా 40:1-11, దానితో మార్కు 1:1-8. మూడో ఆదివారం యెషయా 35, దానితో మత్తయి 11:2-6. నాలుగో ఆదివారం యెషయా 7:1-17, దానితో మత్తయి 1:18-25.

మొదటి ఆదివారం రెండవ రాకడతో మొదలుపెట్టడం కొందరికి వింతగా ఉంటుంది. "క్రిస్మస్ ముందు రాకడ ప్రసంగమేంటి?" అని నన్ను చాలామంది అడిగారు. నిజానికి ఇది చాలా పాత క్రమం. సుమారు 350లో యెరూషలేము బిషప్ సిరిల్ బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు పాఠాలు చెబుతూ, మనం ప్రకటించేది ఒక్క రాకడను కాదు, రెండింటిని అన్నాడు. మొదటిసారి పశువుల తొట్టెలో పొత్తిగుడ్డలతో, రెండోసారి వెలుగును వస్త్రంగా కప్పుకొని అని పోల్చి చెప్పాడు. అడ్వెంట్‌లో సంఘం నిలబడే చోటు ఈ రెండు రాకడల మధ్యే. యెషయా కాలంవాళ్లు ఎదురుచూసినట్టే మనమూ ఎదురుచూస్తున్నామని మొదటి వారమే విశ్వాసులకు తెలిస్తే, మిగతా మూడు వారాలూ పాత కథలా కాక సొంత కథలా వింటారు.

మూడో మెట్టు: ప్రవక్త కాలంలోకి దిగండి

అసలు పని ఇక్కడే ఉంది. నాలుగో ఆదివారపు వాక్యభాగాన్నే తీసుకొని చూపిస్తాను.

సుమారు క్రీ.పూ. 734. యూదా రాజు ఆహాజు. ఉత్తరాన ఇశ్రాయేలు రాజు పెకహు, సిరియా రాజు రెజీను ఏకమై యెరూషలేము మీదికి వచ్చారు. ఆహాజును దించి తమకు నచ్చినవాణ్ని సింహాసనం ఎక్కించాలని వాళ్ల పథకం. రాజు గుండె, జనం గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగిపోయాయని యెషయా రాశాడు. అప్పుడు దేవుడు యెషయాను కొడుకును వెంటబెట్టుకొని చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గరకు వెళ్లమన్నాడు. రాజు అక్కడ ఎందుకున్నాడు? వాక్యం కారణం చెప్పదు. కానీ ముట్టడి రాబోతున్న పట్టణంలో రాజు నీళ్ల కాలువ దగ్గర ఉన్నాడంటే ఊహించడం కష్టం కాదు. ట్యాంకర్ కోసం బిందెలు వరుసగా పెట్టి కాచుకున్న వేసవులు తెలిసిన మనకు, నీళ్ల గురించి పడే భయం ఎవరూ వివరించనక్కర్లేదు. ఇలాంటి చోట ప్రసంగంలో ఒక నిమిషం ఆగండి. విశ్వాసులు ఆ కాలువ గట్టు మీద నిలబడాలి.

ప్రవక్త చెప్పిన మాట ఏమిటి? భయపడకు, ఆ ఇద్దరు రాజులూ పొగలు కక్కుతున్న కొరకంచులే. నమ్మకపోతే స్థిరపడరు. ఏదైనా సూచన అడుగు. ఆహాజు, యెహోవాను శోధించను అంటూ భక్తిగా తప్పించుకున్నాడు. ఆయన మనసు అప్పటికే ఆ కాలపు పెద్ద సామ్రాజ్యం అష్షూరు వైపు ఉంది. దేవాలయంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరుకు కానుకగా పంపాడని 2 రాజులు 16లో చదువుతాం. అంతటి అవిశ్వాసానికి ఎదురుగా నిలిచిన మాటే 14వ వచనం: నువ్వు అడగకపోయినా ప్రభువే సూచన ఇస్తాడు. బిడ్డ పుడతాడు, పేరు ఇమ్మానుయేలు. ఆ బిడ్డకు మంచి చెడు తెలియకముందే నీకు దడ పుట్టిస్తున్న ఆ ఇద్దరు రాజుల దేశం పాడైపోతుంది. అలాగే జరిగింది. సిరియా రాజధాని దమస్కు క్రీ.పూ. 732లో, ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను 722లో అష్షూరుకు పడిపోయాయి.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఆహాజు కాలానికి ఆ సూచన గడువు చెప్పింది: ఒక పసివాడు పెరిగేంతలో ఈ భయం తీరిపోతుంది, దేవుడు మీతో ఉన్నాడు. అయితే ఆ పేరులోని అర్థం ఆ కాలంతో అయిపోలేదు. అది పూర్తిగా నిండినది మరియ ఒడిలో. మత్తయి ఈ వచనాన్ని ఎత్తి రాసి, ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు అని అర్థం చెప్పాడు. తన సువార్త చివరి వచనంలో యేసు నోట మళ్లీ ఆ మాటే వినిపించాడు: యుగసమాప్తి వరకు సదాకాలము మీతో ఉన్నాను. సువార్త మొదలూ చివరా అదే పేరు.

ఈ వాక్యభాగంలో ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. హెబ్రీలో ఇక్కడున్న మాట 'అల్మా'. పెళ్లి వయసుకు వచ్చిన యువతి అని దాని అర్థం. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో అది 'పార్థెనోస్', కన్య అయింది. మత్తయి ఎత్తి రాసింది ఆ గ్రీకు మాటనే. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవుడు ట్రైఫో అనే యూదునితో చేసిన వాదనలో కూడా ఇదే విషయం నలిగింది. పుల్పిట్ మీద దీన్ని రెండు నిమిషాల్లో నిజాయితీగా చెప్పేయండి. దాచిపెడితే కాలేజీ పిల్లలు ఫోన్‌లో చూసి, మీరు మోసం చేశారనుకుంటారు. కన్య మరియ గర్భం ధరించిందన్న సంగతికి మత్తయితో పాటు లూకా కూడా సాక్షి. అది ఈ ఒక్క మాట మీద నిలబడి లేదు.

ఇదే పనిని ప్రతి వాక్యభాగానికీ చేయాలి. మూడు ప్రశ్నలు చాలు: అప్పుడు రాజు ఎవరు, జనం భయం ఏమిటి, ప్రవక్త ఏం చేయమన్నాడు? ప్రవచన గ్రంథం మొదటి వచనంలో రాజుల పేర్లు ఉంటే, రాజుల గ్రంథాల్లో ఆ రాజుల అధ్యాయాలు తీసి చదవండి. కామెంటరీ కొనకపోయినా సగం పని అయిపోతుంది.

నాలుగో మెట్టు: నెరవేర్పు అనే మాటను సరిగా పట్టుకోండి

ప్రవచనం ముందే రాసిన జవాబు పత్రం, క్రీస్తు జీవితం దానికి టిక్కు పెట్టడం అన్నట్టు మనలో చాలామందిమి బోధించాం. మత్తయి 2:15 తెరవండి. ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని అన్న మాట నెరవేరిందని రాశాడు. హోషేయ 11:1కి వెళ్లి చూస్తే అక్కడ భవిష్యత్తు గురించి ఏమీ లేదు. ఇశ్రాయేలు ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన పాత సంగతి అది. మరి నెరవేరడం ఏమిటి? గ్రీకులో ఆ మాటకు నింపడం అని అర్థం. ఇశ్రాయేలు అనే కుమారుడు నడిచి తప్పిపోయిన దారిలో ఈ కుమారుడు మళ్లీ నడిచి, ఆ కథను నింపాడు. అంచు దాకా నిండిన కడవలా. ఇది విశ్వాసులకు చెప్పి చూడండి. పాత నిబంధన మొత్తం వాళ్లకు కొత్తగా తెరుచుకుంటుంది.

ఐదో మెట్టు: ఆది సంఘం ఎలా చదివిందో చూడండి

అపొస్తలుల కార్యములలో మన పనికి పాఠ్యపుస్తకాల్లాంటి చోట్లు మూడున్నాయి. 2వ అధ్యాయంలో పేతురు యోవేలును చదివి, జనం కళ్లముందు జరుగుతున్నదానికి అర్థం చెప్పాడు. 8వ అధ్యాయంలో గాజా దారిలో ఐతియొపీయుడైన ఒక నపుంసకుడు రథంలో యెషయా 53 చదువుతూ, ప్రవక్త ఎవరి గురించి ఇలా చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా అని అడిగాడు. ఫిలిప్పు ఆ ప్రశ్నను తోసిపుచ్చలేదు, ఆ లేఖనంతోనే మొదలుపెట్టి యేసును ప్రకటించాడు. మంచి ప్రశ్న వింటే ప్రసంగం అక్కడి నుంచి మొదలవుతుందని నాకు నేర్పింది ఆ నపుంసకుడే. 17వ అధ్యాయంలో బెరయ వాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. మీ సంఘంలో అలా సరిచూసేవాళ్లు ఉంటే దేవునికి స్తోత్రం చెప్పండి.

ఆ తర్వాతి తరాల సంగతి. సుమారు 155లో రోమ్‌లో ఉన్న జస్టిన్ తన కాలపు ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. పట్టణాల్లో, పల్లెల్లో ఉన్నవాళ్లంతా ఒకచోట చేరతారు. అపొస్తలుల జ్ఞాపకాలనో, ప్రవక్తల రాతలనో సమయం ఉన్నంతసేపు చదువుతారు. ఆ తర్వాతే పెద్ద లేచి ప్రబోధిస్తాడు. తర్వాత ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. కానుకలు అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, చెరసాలలో ఉన్నవాళ్లకు, పరదేశులకు వెళ్తాయి. సమయం ఉన్నంతసేపు చదవడం, ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనం రెండు వచనాలు చదివి నలభై నిమిషాలు మాట్లాడుతున్నాం.

అంతకు పదేళ్ల ముందే అదే రోమ్‌లో మార్సియన్ అనేవాడు పాత నిబంధన మనకు అక్కర్లేదన్నాడు. 144 ప్రాంతంలో సంఘం అతన్ని వెలివేసింది. మోషేను, ప్రవక్తలను వదులుకోనని చెప్పిన ఆ నిర్ణయం వల్లే ఈ రోజు మనం డిసెంబర్‌లో యెషయా చదవగలుగుతున్నాం.

అడ్వెంట్ కాలం మాత్రం అపొస్తలులు పెట్టింది కాదు, అలా చెప్పకండి. స్పెయిన్‌లో 380లో సరగోసాలో జరిగిన సభ, డిసెంబర్ 17 నుంచి జనవరి 6 వరకు ఎవరూ ఆరాధన మానకూడదని చెప్పింది. రోమ్‌లో నాలుగు ఆదివారాల క్రమం ఆ తర్వాత నెమ్మదిగా స్థిరపడింది. కానీ అడ్వెంట్ ప్రార్థన మాత్రం అపొస్తలుల నాటిదే: మారనాత, అంటే మా ప్రభువా, రమ్ము. 1 కొరింథీయులకు 16:22లో పౌలు ఆ అరామిక్ మాటను అనువదించకుండా అలాగే ఉంచాడు. గ్రీకు మాట్లాడే కొరింథులో ఆ మాట అర్థమయ్యేదంటే, యెరూషలేము నాటి తొలి విశ్వాసుల ప్రార్థన అంత దూరం ప్రయాణించిందన్నమాట. మన తెలుగు బైబిల్లో మాత్రం దాన్ని 'ప్రభువు వచ్చుచున్నాడు' అని అనువదించారు. మొదటి ఆదివారం ఈ ఒక్క మాటను సంఘమంతా కలిసి పలికేలా చేయండి.

ఆరో మెట్టు: తేదీల జోలికి వెళ్లకండి

పశ్చిమాసియాలో ఎక్కడ బాంబు పడినా మన వాట్సాప్ గ్రూపుల్లో, ఇదిగో ప్రవచనం నెరవేరింది, రాకడ ఈ సంవత్సరమే అని వీడియోలు వస్తాయి. పుల్పిట్ మీద అలాంటివి చెబితే జనం చెవులు రిక్కించి వింటారు, నిజమే. కానీ ఆ దినము గూర్చి తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని నమ్మి ఎదురుచూశారు. తెల్లారేసరికి వేలమంది గుండెలు పగిలాయి. దానికి చాలా ముందే థెస్సలొనీకలో కొందరు ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడ్డారు. ఆ సంఘంలోనే పని మానేసి తిరిగేవాళ్లు ఉంటే, పని చేయనొల్లనివాడు భోజనము చేయకూడదని పౌలు రాయాల్సి వచ్చింది. రాకడ ప్రసంగం విన్నవాడు సోమవారం తన పనిని ఇంకా నమ్మకంగా చేయాలి. మీ అన్వయం అక్కడికి చేరిందా లేదా చూసుకోండి.

ఇంకొక జాగ్రత్త. ప్రవచనాల గురించి చెప్పేటప్పుడు యూదులు గుడ్డివాళ్లు అన్నట్టు మాట్లాడకండి. ఆ లేఖనాలు మనకు వాళ్ల చేతుల మీదుగానే వచ్చాయి. 1947లో కుమ్రాను గుహలో దొరికిన యెషయా చుట్ట క్రీస్తుకు నూరేళ్లకు పైగా ముందటిది, దాన్ని రాసి దాచినవాళ్లు యూదులే. అలాగే మన బస్తీల్లో మైకు మాట గోడ దాటి పక్కింటికి వెళ్తుంది. వాళ్ల దేవుళ్లను తక్కువ చేసే మాట ఒక్కటి కూడా సువార్త కాదు.

ఏడో మెట్టు: రాయండి, చదవండి, తగ్గించండి

ప్రతి ప్రసంగానికీ ముందు ఒక్క వాక్యం రాయండి. మూడో ఆదివారానికి నాది ఇది: చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను సందేహాన్ని యేసు తిట్టలేదు, యెషయా మాటలతో జవాబు పంపాడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది. అందులో యెషయా 35 వినిపిస్తుంది. కానీ చెర తలుపు తెరుచుకోలేదు. ఆసుపత్రి ఖర్చులతో, ఉద్యోగం పోయి, పెళ్లి కుదరక పండుగకు వచ్చేవాళ్లు మీ ముందు కూర్చుని ఉంటారు. వాళ్లకు ఈ వాక్యం కావాలి. "నమ్మితే క్రిస్మస్‌లోపు అద్భుతం జరుగుతుంది" అని మాత్రం చెప్పకండి, యోహానుకు అలా జరగలేదు.

రెండో ఆదివారం యెషయా 40 చెప్పేటప్పుడు, క్రీ.పూ. 586లో యెరూషలేము కూలి బబులోనుకు చెరపోయినవాళ్లకు ఆ ఓదార్పు మాట అని మొదలుపెట్టండి. అరణ్యంలో మార్గం సిద్ధపరచడానికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. పెద్ద నాయకుడు వస్తున్నాడంటే మన రోడ్ల గుంతలు రాత్రికి రాత్రి పూడతాయి, డివైడర్లకు రంగులు పడతాయి. యోహాను అడిగింది కూడా రాజు రాకముందు దారి బాగు చేయమనే. మీ ఇంట్లో, మీ లెక్కల పుస్తకంలో ఏ గుంత పూడ్చాలి?

మన పరిశుద్ధ గ్రంథం భాష గ్రాంథికం. దాన్ని అలాగే చదవండి, అందులో గంభీరత ఉంది. తర్వాత మామూలు మాటల్లో చెప్పండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు 'ఏలయనగా', 'కొరకంచు' తెలియవు, ఒక్క క్షణం ఆగి అర్థం చెబితే చాలు. వాక్యభాగం చదివేవాళ్లకు శుక్రవారమే చెప్పండి, పేర్లు పలకడం ఒకసారి సాధన చేయించండి. రాసినదాన్ని గట్టిగా చదివి టైము చూసుకోండి. ఇరవై ఐదు నిమిషాలు దాటితే, మీకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి తీసేయండి.

ఉదాహరణ అంటే గుర్తొచ్చింది. మనకు వంద కిలోమీటర్ల దూరంలో మెదక్ కెతడ్రల్ ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువు కాలంలో పని కల్పించి, కూలికి అన్నం పెట్టి కట్టించారని మన పెద్దలు చెప్పుకుంటారు. అందులో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి: యేసు జననం, సిలువ, ఆరోహణం. చాలామంది క్రిస్మస్‌కు వెళ్లి జననం కిటికీ దగ్గర ఫోటో దిగుతారు. ఆరోహణం కిటికీ ముందు కూడా నిలబడమనండి. ఏ రీతిగా వెళ్లాడో ఆ రీతిగానే తిరిగి వస్తాడని దూతలు చెప్పింది ఆ ఘట్టంలోనే. మొదటి ఆదివారానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు.

ఎనిమిదో మెట్టు: ప్రసంగం అయిన తర్వాత

కొవ్వొత్తుల దండ పెట్టే సంఘమైతే వెలిగించే పని పిల్లలకు, ముసలివాళ్లకు కలిపి ఇవ్వండి. ఆ అలవాటు 1839లో హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు పేద పిల్లల కోసం మొదలుపెట్టింది. క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుందని వాళ్లు రోజూ అడుగుతుంటే ఆయన కొవ్వొత్తులతో లెక్క చూపించాడు.

నాలుగు ఆదివారాల్లో ఒకదాన కానుకను పూర్తిగా సంఘంలోని విధవరాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు పంచమని పెద్దలతో మాట్లాడండి. జస్టిన్ రాసిన ఆరాధనలో ప్రసంగం తర్వాత జరిగిన పని అదే. రావడానికి వీల్లేని వాళ్ల ఇంటికి బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షారసం కూడా వెళ్లేది. మన దగ్గర నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, నర్సులు, సెక్యూరిటీ గార్డులు ఆదివారం ఉదయం రాలేరు. వాళ్ల పేర్లు రాసుకొని, ఆ వారంలో ఒక సాయంత్రం ఎవరో ఒకరి గదిలో అదే వాక్యభాగం మళ్లీ చదవండి.

చివరిగా ఒక నోటుబుక్కు. ఆరాధన అయ్యాక పావుగంట గుమ్మం దగ్గర నిలబడండి. చేతులు కలిపి పంపేయకుండా, "ఏమైనా అర్థం కాలేదా?" అని అడగండి. వచ్చిన ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసుకోండి, అడిగినవాళ్ల పేరుతో సహా. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఆ ఇంటర్ అమ్మాయి ప్రశ్న ఉంది. దానికి జవాబు నేను మరుసటి ఏడాది అడ్వెంట్ నాలుగో ఆదివారం చెప్పాను, ఆ అమ్మాయి మూడో వరుసలో కూర్చుని బైబిల్ తెరిచి వింది.